ఎవరూ అభ్యంతరం చెప్పనందున

ఫిబ్రవరి 3

మరదలా,

కవరు మీద నా చేతిరాత చూసి గుండె జారిపోయిందా? ఏం కాలేదు, అందరం బాగానే ఉన్నాం. కొత్త చెప్పులు కరుస్తున్నాయని మీ అన్నయ్య కుంటుకుంటూ తిరుగుతున్నాడు, ఇంట్లో అంతకు మించిన విశేషం లేదు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే "వార్డులో ఉన్నా వదినా, పెట్టేస్తున్నా" అంటావు. పోనీ మెయిల్ రాద్దామంటే నా మెయిలంతా ప్రాజెక్టుతో నిండిపోయింది, అది తెరవబుద్ధి కావడం లేదు. ప్రాజెక్టులో నేను తుమ్మినా ప్రపంచమంతా చదువుతుంది. ఇది మాత్రం నువ్వొక్కదానివే చదవాలి.

సంగతేమిటంటే, నన్ను దింపేస్తున్నారు.

నీకు గుర్తుంది కదా, మీ వార్డు డ్యూటీ చార్టు పెన్సిలుతో రాసి, రబ్బరుతో చెరిపి, మళ్ళీ రాసి, కాగితానికి చిల్లులు పడితే నువ్వు దాన్ని తెచ్చి మా వంటింటి బల్ల మీద పరిచి తల పట్టుకున్నావు. నీ తలనొప్పి చూడలేక రాసిన ప్రోగ్రాం అది. నీ ఒక్క వార్డు కోసం రాశాను. తరవాత దాని కోడ్ అంతా అందరికీ కనబడేలా బయట పెట్టాను, కావలసినవాళ్ళు వాడుకోండి, బాగుచేయగలిగినవాళ్ళు బాగుచేసి పంపండి అని. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఎక్కడెక్కడి ఆసుపత్రుల నుంచో సవరణలు పంపుతారు. పైసా తీసుకోకుండా పంపుతారు. వాటిని అసలు ప్రోగ్రాంలో కలపాలా వద్దా అన్నది మాత్రం ఇన్నాళ్ళూ నా మాట. తాళాలు నా దగ్గరే ఉన్నాయి.

మాలో ఒక ఫార్మసిస్టు ఉన్నాడు. ఏదో ఆసుపత్రి మందుల గదిలో పని, ఖాళీ దొరికితే కోడ్ రాస్తాడు. బాగా రాస్తాడు, కాదనను. ఆయన ఒక ప్రతిపాదన పెట్టాడు. చివరి మాట ఒక్క మనిషిది కాకూడదట, ఏడుగురి కమిటీ ఉండాలట. అందులో ముగ్గురు కోడ్ ముక్క రాని నర్సులట. తినేవాళ్ళు ఉప్పు తక్కువైందని చెప్పడం వేరు, పొయ్యి దగ్గరికొచ్చి గరిటె లాక్కోవడం వేరు. ఆ తేడా తెలియదా?

మా దగ్గర ఒక నియమం ఉంది, నేనే పెట్టాను. ఏ ప్రతిపాదనైనా రెండు వారాలు అందరి ముందూ ఉంటుంది. ఆలోగా ఎవరూ కారణం చూపించి కాదనకపోతే అది ఖాయం. ఎవరి ఉద్యోగాల్లో వాళ్ళుండే జనం, ఒక్కొక్కరినీ బతిమాలి అవుననిపించుకోవాలంటే ఏ పనీ ముందుకు సాగదు.

నేను కాదనను. నా ప్రాజెక్టులో నేనే చెయ్యెత్తి, బాబ్బాబూ నన్ను తియ్యకండి అని అడుక్కోవాలా? ప్రతిపాదన వచ్చిన రోజు నుంచీ నోరు కట్టేసుకుని కూర్చున్నాను. రోజూ ఏదో ఒకటి రాసే మనిషి చటుక్కున మానేస్తే ఎవరో ఒకరు అడగరూ, ఏమండీ, మీకిది ఇష్టమేనా అని? అడిగినప్పుడు చెబుతాను.

అన్నట్టు, నువ్వూ ప్రాజెక్టులో సభ్యురాలివే. ఏదో ఫిర్యాదు కూడా పెట్టావు, గుర్తుంది. చూస్తాను.

కోపం కాదు, తలనొప్పి అంతే.
నీ వదిన


ఫిబ్రవరి 9

వదినా,

నీ ఉత్తరం మా నర్సుల గదిలో, ఆరేసిన ఏప్రన్ల కింద కూర్చుని చదివాను. "ఈ రోజుల్లో ఉత్తరమేంటి సిస్టర్, ఎవరు రాశారు?" అని చుట్టూ ఒకటే ఆరా. మా వదినకు ఒళ్ళు మండితే కాగితం మీద మాట్లాడుతుంది అని చెప్పాను. అన్నయ్యను మడమ దగ్గర కాస్త దూది పెట్టుకోమను. నర్సు చెల్లెలుండి కుంటడమేంటి, నాకు పరువు తక్కువ.

నీ సంగతికి తరవాత వస్తాను. ముందు మా పొడుగు సిస్టర్ సంగతి విను. నువ్వు చూశావు, మంచాల మధ్య నడుస్తుంటే సెలైన్ స్టాండు నడుస్తున్నట్టుంటుంది. వాళ్ళాయన సరుకు ఓడ మీద పనిచేస్తాడు, ఏడాదిలో ఎప్పుడో గాని ఇంటి మొహం చూడడు. ఆ ఓడ మన రేవులో ఒక్క రోజు ఆగుతుందని తెలిసి ఆ రోజుకి ఆవిడ ఆఫ్ పెట్టుకుంది. పది రోజుల ముందు నుంచీ అదే ముచ్చట.

సరిగ్గా ముందు రోజు ఇంకో సిస్టర్ నీ ప్రోగ్రాంలో అడిగింది, రేపు నా డ్యూటీ నువ్వు చెయ్యి, నీ ఆఫ్ నాకివ్వు అని. ఆ కబురు పొడుగు సిస్టర్ ఫోన్‌కి వచ్చింది. ఆవిడేమో అంటురోగుల గదిలో ఉంది, ఫోన్ బయట లాకర్లో ఉంది. సాయంత్రంలోగా జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే అని నీ ప్రోగ్రాం లెక్క కదా, ఆవిడ తరఫున అదే ఒప్పేసుకుంది. ఇంటికెళ్ళి ఆవిడ ఆ ఫోన్ మొహం చూడలేదు, ఇల్లు సర్దుకుంటూ ఉండిపోయింది. పొద్దున్నే నేను ఫోన్ చేసి, డ్యూటీకి రాలేదేం అని గద్దించాను. చార్టులో అలా ఉంది మరి, నేనేం చెయ్యను?

ఆయన ఆసుపత్రికే వచ్చాడు. రోగుల బంధువులు కూర్చునే బల్ల మీద, ఒళ్ళో ఒక పొట్లం పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఆవిడ మందుల ట్రే పట్టుకుని అటుగా వెళ్ళినప్పుడల్లా లేచి నిలబడేవాడు. నేను చూడలేక లోపలికెళ్ళిపోయాను.

మీ దగ్గర నేను పెట్టిన ఫిర్యాదు ఇదే. అప్పుడూ నువ్వు "చూస్తాను" అన్నావు. ఆ తరవాత ఎవరూ ఏమీ అనలేదు. మొన్న మీ ప్రాజెక్టు నుంచి దానంతటదే ఒక కబురు వచ్చింది: చాలాకాలంగా ఎవరూ మాట్లాడనందున ఈ ఫిర్యాదు మూసివేయబడినది, సహకరించినందుకు ధన్యవాదాలు. నేనేం సహకరించానో నాకైతే తెలియలేదు.

ఫార్మసిస్టు గారి ప్రతిపాదన నేనూ చదివాను. సగం అర్థమైంది. అర్థమైన సగం బాగానే ఉంది. మూడో మంచం వాళ్ళు బెల్లు నొక్కుతున్నారు, ఉంటాను.

నీ మరదలు


ఫిబ్రవరి 18

మరదలా,

అయిపోయింది. రెండు వారాలూ గడిచాయి. పొద్దున లేచి చూస్తే, "ఎవరూ అభ్యంతరం చెప్పనందున ప్రతిపాదన ఆమోదించబడినది" అని ఉంది. ఆ వాక్యం కూడా నేను రాసిందే. ఎవరికీ నొప్పి తగలకుండా ఉంటుందని మాటలు ఏరుకుని మరీ రాశాను.

ఒక్కరు అడగలేదు. అడక్కపోగా పొగడ్తలు! చివరి మాట నాదైన చోట నేను నోరు మెదపకుండా పక్కకు తప్పుకున్నానట. ఇంత పెద్ద మనసు ఎక్కడా చూడలేదట. ఫార్మసిస్టు అయితే పేజీడు రాశాడు, మీ మౌనం మాకందరికీ పాఠం అని. చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. వాళ్ళు ఆనందబాష్పాలనుకుంటారు కాబోలు.

మీ అన్నయ్యకు చూపిస్తే పకపకా నవ్వాడు. "నేనైతే మొదటి రోజే కాఫీ పట్టుకొచ్చి నిలబడేవాణ్ణి. పాపం, నీ అలక వాళ్ళకేం తెలుసు?" అన్నాడు. ఆయనతో కూడా మాట్లాడడం మానేశాను.

వాళ్ళకు తెలియదు, సరే. నీకు తెలుసు కదా? పెళ్ళైన కొత్తలో పరదాల రంగు నన్నడక్కుండా ఎంచారని నేను మాట్లాడడం మానేస్తే, మూడో రోజున పరదాలు విప్పి దుకాణంలో తిరిగిచ్చి వచ్చింది నువ్వే. నీకు ఉత్తరం కూడా రాశానాయె. ప్రాజెక్టులో ఒక్క ముక్క, "మా వదినకు ఇష్టం లేదు, ఆగండి" అని రాసి ఉంటే ఆగేవారు. నువ్వేమో నాకు పొడుగు సిస్టర్ కథ రాసి పంపావు. ఇప్పుడు చూస్తే కమిటీలో నర్సుల తరఫున నీ పేరుంది! ఎప్పుడు ఒప్పుకున్నావు? నాతో ఒక్క మాటైనా అనకుండా?

నెలాఖరుకి తాళాలు అప్పగించాలట. అంటే ప్రోగ్రాంలోకి ఏదైనా కలపడానికి కావలసిన పాస్‌వర్డులు. ఇవ్వదలుచుకోలేదు. ఇవ్వకపోతే ఏం చేస్తారు? కోడ్ నకలు తీసుకుని వేరు కుంపటి పెట్టుకుంటారు. పెట్టుకోనీ.

నీ వదిన


ఫిబ్రవరి 23

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇక చుట్టూ తిప్పకుండా చెబుతాను. నీకు ఇష్టం లేదని నాకు తెలుసు. నువ్వు అలిగావని మొదటి ఉత్తరంలో "కోపం కాదు, తలనొప్పి" అన్న దగ్గరే తెలిసింది. నేను కావాలనే చెప్పలేదు.

చెబితే ఏమయ్యేది? అందరూ ఆగేవారు. నిన్ను బతిమాలేవారు. నువ్వు కరిగేదానివి. అన్నీ మునుపటిలాగే ఉండేవి, నా ఫిర్యాదు మూతబడే ఉండేది. వదినా, నువ్వు చెడ్డదానివని కాదు. నీ మీద ఈగ వాలినా ఊరుకోను. కానీ నీ "చూస్తాను" వెనక ఎంతమంది నిలబడి ఉన్నారో నీకు కనబడదు. నువ్వొక్కదానివి, వాళ్ళు అంతమంది. నువ్వు చూడగలిగినంతే చూస్తావు. మిగతావాళ్ళు మాట్లాడి మాట్లాడి ఊరుకుంటారు, ఊరుకున్నారు కాబట్టి అంతా బాగుందని నీ ప్రోగ్రాం అనుకుంటుంది.

కమిటీలోకి రమ్మని ఫార్మసిస్టు అడిగినప్పుడు నాకు కోడ్ రాదండీ అన్నాను. "మీరు చార్టు కింద పనిచేస్తారు కదా, అది మాకు రాదు" అన్నాడు. ఒప్పుకున్నాను. నీకు చెప్పాలనుకున్నాను, భయమేసింది. నీతో పోట్లాడి గెలిచినవాళ్ళు మన ఇంట్లో ఎవరున్నారు?

పొడుగు సిస్టర్ ఉద్యోగం మానేస్తానంటోంది. నచ్చజెపుతున్నాను. ఏం చెప్పి ఆపాలో మాత్రం తెలియడం లేదు.

తాళాలు నీ దగ్గరున్నాయి, నీ ఇష్టం. వేరు కుంపటి అంటావు, అప్పుడు ఒక ఆసుపత్రిలో ఒక చార్టు, ఇంకో ఆసుపత్రిలో ఇంకో చార్టు. నేను ఏది వాడాలి?

నన్ను తిట్టాలనుంటే తిట్టు, కానీ జవాబు రాయి.
నీ మరదలు


మార్చి 1

మరదలా,

తిట్టను. తిట్టాలని రెండుసార్లు మొదలుపెట్టి కాగితాలు చించేశాను. మీ అన్నయ్య ఆ ముక్కలు ఏరి బుట్టలో వేస్తూ, మా చెల్లెలికేనా అని అడిగాడు. తలూపాను.

ఒక్క సంగతి మాత్రం గుర్తుచేస్తాను. సాయంత్రంలోగా జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అన్న లెక్క నా బుర్రలో పుట్టింది కాదు. ప్రోగ్రాం మొదలైన కొత్తలో నువ్వు బస్‌స్టాప్ నుంచి ఫోన్ చేశావు. వెనక బస్సుల మోత, నువ్వు అరుస్తున్నావు: "వదినా, డ్యూటీ మార్చుకుంటారా అని అడిగితే ఒక్కరూ పలకరు. రోజంతా వాళ్ళ వెనక పడలేక చస్తున్నా. సాయంత్రం దాకా పలకలేదంటే సరే అన్నట్టే రాసెయ్!" రాసేశాను. నీ గొంతులో ఆ అలసట విని, ఒక్క ప్రశ్న వెయ్యకుండా రాసేశాను.

అది మీ వార్డులో బాగానే నడిచింది. అప్పటికి మీరందరూ ఒక్క గదిలో కూర్చుని అన్నం తినేవాళ్ళు, ఎవరైనా పలకకపోతే ఎందుకో పక్కవాళ్ళకు తెలిసేది. తరవాత ప్రాజెక్టులో జనం పెరిగి, ఏ సంగతీ తేలక సతమతమవుతుంటే, మా మరదలి లెక్క ఉంది కదా అని అదే ఇక్కడా పెట్టాను. ఇక్కడ ఎవరి ముఖం ఎవరికీ తెలియదు. ఎవరైనా పలకకపోతే పని మీదున్నారో, అలిగారో, ఏడుస్తున్నారో ఎవరికి తెలుసు? ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు. నా దాకా వచ్చాక తట్టింది.

పొట్లంతో ఆ బల్ల మీద కూర్చున్న పొడుగు సిస్టర్ వాళ్ళాయన కళ్ళల్లో మెదులుతున్నాడు. ఆయన మొహం నేను చూడలేదు, అయినా మెదులుతున్నాడు. ఆవిడ ఏమీ అనలేదు కాబట్టి ఆవిడ రోజు పోయింది. నేనూ ఏమీ అనలేదు కాబట్టి నాదీ పోయింది. కానీ ఆవిడకు కబురే తెలియదు, నేను మాత్రం తెలిసి బిగదీసుకు కూర్చున్నాను. ఇద్దరినీ ఒక్క గాటన కట్టెయ్యలేను.

తాళాల గడువు నిన్నటితో దాటింది. ఇవ్వలేదు, ఇవ్వనని కూడా అనలేదు. నాకే తెలియడం లేదు. నా చేత్తో పెంచినదాన్ని ఏమీ జరగనట్టు ఎలా ఇచ్చెయ్యను?

నీ వదిన


మార్చి 8

వదినా,

నేను మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను. ఆ బస్‌స్టాప్, ఆ రోజు నా చేతిలో చిరిగిన సంచీ కూడా ఇప్పుడు గుర్తొచ్చాయి. నేను పెట్టమన్న లెక్క మీద నేనే ఫిర్యాదు పెట్టి, నువ్వు చూడలేదని నీ మీద కత్తి కట్టాను. చదివి కాసేపు మందుల అలమర తెరిచి ఊరికే నిలబడ్డాను. పొడుగు సిస్టర్ వచ్చి ఏమైంది సిస్టర్ అంది. ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పాను. "మీరా!" అని ఒక్కసారి నవ్వింది. ఆ రోజు పోయిన తరవాత ఆవిడ నవ్వడం అదే మొదలు. ఉద్యోగం మాట మాత్రం ఇంకా తేల్చలేదు.

నిన్న కమిటీ మొదటిసారి కూర్చుంది. కూర్చోవడమంటే ఎవరి ఇళ్ళల్లో వాళ్ళం తెర ముందు కూర్చోవడమే. నేను యూనిఫాంలోనే ఉన్నాను. నాకు మాట్లాడడం రాదనుకుంటాను కానీ మొదలుపెడితే ఆగను, నీకు తెలుసు. ఒక్కటే అడిగాను. ఎవరైనా పలకకపోతే దాన్ని అవునని లెక్క వెయ్యొద్దు, డ్యూటీ చార్టులోనూ వద్దు, ప్రాజెక్టులోనూ వద్దు. జవాబు రాకపోతే మార్పు లేదు, అంతే.

ఫార్మసిస్టు ఒప్పుకోలేదు. ఏ పనీ జరగదండీ, అందరి జవాబుల కోసం కూర్చుంటే ఆవగింజంత మార్పుకి ఆరు నెలలు పడుతుంది అన్నాడు. ఆయన అన్నదీ అబద్ధం కాదు, వార్డులో ఆ అవస్థ నేను పడ్డదే. చివరికి చిన్న మార్పులకు పాత పద్ధతే ఉంచి, ఒక మనిషి చేతిలోంచి ఏదైనా తీసుకునేటప్పుడు మాత్రం ఆ మనిషి నోటితో అవునని తీరాలి అని తేల్చాం. అది వాళ్ళ సెలవు రోజైనా సరే, ఇంకేదైనా సరే. ఏడుగురమూ ఒక్కొక్కరం పేరు చెప్పి అవునన్నాం.

అప్పుడు నీ సంగతి ఎత్తాను. "ఈ ప్రాజెక్టు మొదలుపెట్టినావిడ మౌనంగా ఇచ్చేశారని మీరందరూ పొగిడారు. ఆవిడ ఇవ్వలేదు. అలిగారు" అన్నాను. పాపం ఫార్మసిస్టు మొహం ఎర్రబడిపోయింది. "ఆవిడకు ఇష్టం లేదా? నేను పేజీడు పొగిడానే! మరి ఆవిడ ఒక్క మాట అనలేదేం?" అన్నాడు. మేం ఒక్క మాట అడగలేదు కదండీ అన్నాను.

అందుకని కొత్త నియమం కింద మొదటి ప్రశ్న నీకే వచ్చింది, చూసే ఉంటావు. నువ్వు కాగితమే నమ్ముతావు కాబట్టి ఇక్కడ కూడా రాస్తున్నాను. వదినా, ప్రోగ్రాం తాళాలు కమిటీకి ఇవ్వడం నీకు ఇష్టమేనా? ఎనిమిదో కుర్చీ వేస్తాం, అందులో కూర్చోవడం ఇష్టమేనా?

గడువేమీ లేదు. నువ్వు పలికేదాకా ఏదీ కదలదు. కాదంటే కాదనే రాసుకుంటాం. నేనూ కాదనను.

నీ మరదలు


మార్చి 14

మరదలా,

నీ ప్రశ్న ప్రాజెక్టులో చదివాను, మళ్ళీ నీ ఉత్తరంలో చదివాను. అక్కడ జవాబు పెట్టేముందు నీకు రాస్తున్నాను. ఇది నీ చేతికొచ్చేసరికి అక్కడ అందరూ చదివేసి ఉంటారు, అయినా ముందు రాసింది నీకే.

ఎవరైనా అడిగితే వెంటనే ఇచ్చేద్దును అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అడిగాక తెలిసింది, అడిగినా కష్టమే. పొద్దుట్నుంచీ కంప్యూటర్ ముందు కూర్చుని కాదు అని రాశాను, చెరిపాను. మీ అన్నయ్య కాఫీ తెచ్చాడు. అలగలేదు, ఆలోచిస్తున్నాను అన్నాను. ఆయన నమ్మలేదు, రెండో కాఫీ కూడా తెచ్చాడు.

తాళాలు ఇవ్వడానికి అవును. బాధగా ఉంది, నీ దగ్గర దాచుకోవడమెందుకు? కానీ కిందటిసారి నన్నెవరో తోసేసినట్టుంది. ఈసారి నేనే లేచి ఇచ్చినట్టుంది. కుర్చీకి మాత్రం కాదు. నేను ఆ గదిలో ఉంటే అందరూ నా మొహం చూసి మాట్లాడతారు, నేను మూతి ముడిస్తే నోళ్ళు మూసుకుంటారు. నీకొక్కదానికే ఆ భయం లేదనుకున్నాను, నీకూ ఉందని నువ్వే రాశావు. బయట ఉండి, అందరిలాగే సవరణలు పంపుతాను. బాగోలేకపోతే తిప్పికొట్టండి.

మొదటి సవరణ ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను, డ్యూటీ మార్పిడి లెక్క మార్చాను. ఇక పలకనివాళ్ళ రోజు ఎవరూ తీసుకోలేరు. కలపాలో వద్దో మీ కమిటీ చూసుకోవాలి. పొడుగు సిస్టర్‌కి చెప్పు. ఆవిడ పోయిన రోజును ఏ కోడూ తెచ్చివ్వదని నాకు తెలుసు, అయినా చెప్పు.

ఇంకొకటి. వచ్చే ఆదివారం మీ ఇంటికి రావాలనుంది. నిన్ను చూడాలనుంది, పోట్లాడాలని కూడా కొంచెం ఉంది. నీకు ఆ రోజు ఆఫో కాదో, ఓపికుందో లేదో నాకు తెలియదు. ఇష్టమేనా? జవాబు రాయి. రాయకపోతే రాను.

నీ వదిన


మార్చి 18

వదినా,

అవును. రా.

అన్నయ్యను కూడా తీసుకొస్తున్నానని నీ అంతట నువ్వు రాసెయ్యకు. ఆయన్ని కూడా ఒక మాట అడుగు.

నీ మరదలు